యూరప్‌లో అద్దె కారు: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులు దగ్గర పడితే చాలు, ఇవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. మన లైసెన్స్ అక్కడ చెల్లుతుందా, కార్డు మీద అంత డబ్బు ఎందుకు ఆపుతారు, ఇంటికొచ్చిన ఎన్నో నెలలకు ఇటలీ నుంచి ఫైన్ ఎలా వచ్చింది? అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఛార్జీలు ఏటా మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి సరిచూసుకోండి.

## అసలు కారు అవసరమా?

పారిస్, రోమ్, స్విట్జర్లాండ్ చూడాలి. మొత్తం ట్రిప్ కారులోనే చేసేయొచ్చా?

చేయొచ్చు గానీ చేయకండి. పారిస్, రోమ్, ఆమ్‌స్టర్‌డామ్, లండన్ లాంటి నగరాల్లో కారు సుఖం కాదు, భారం. పార్కింగ్ దొరకదు, దొరికితే ఖరీదు, పైగా మెట్రో అంతకంటే త్వరగా తీసుకెళ్తుంది. కారు నిజంగా పనికొచ్చేది పల్లెల్లో, కొండల్లో. ఇటలీలో టస్కనీ ఊళ్ళు, డోలమైట్ కొండలు, ఫ్రాన్స్‌లో ప్రొవాన్స్, స్కాట్లాండ్ హైలాండ్స్, గ్రీసులో క్రీట్ దీవి, ఐస్‌లాండ్ చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు ఇలాంటి చోట్లు. నగరం నుంచి నగరానికి రైల్లో వెళ్ళి, మధ్యలో మూడు నాలుగు రోజులు మాత్రం కారు తీసుకోవడం నా దృష్టిలో మంచి పద్ధతి.

స్విట్జర్లాండ్‌లో కారు మంచిదా, రైలు పాస్ మంచిదా?

ఇద్దరే అయితే రైలు పాస్. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు, నాలుగు సూట్‌కేసులు ఉంటే కారు గురించి ఆలోచించవచ్చు. అయితే జెర్మాట్, వెంగెన్, మ్యూరెన్ ఊళ్ళలోకి మామూలు కార్లను రానివ్వరు. జెర్మాట్‌కి టేష్‌లో, వెంగెన్‌కి లౌటర్‌బ్రున్నెన్‌లో కారు పెట్టి రైలెక్కాలి. అంటే అక్కడ ఉన్నన్ని రోజులూ నిలబెట్టిన కారుకే అద్దె, పార్కింగ్ రెండూ కడతారు.

## లైసెన్స్, కాగితాలు

నాది ఇండియా లైసెన్స్. యూరప్‌లో చెల్లుతుందా?

టూరిస్టుగా వెళ్తే చాలా దేశాల్లో చెల్లుతుంది గానీ ఒక్కో దేశానిది ఒక్కో షరతు. బ్రిటన్‌లో మన లైసెన్స్‌తోనే 12 నెలల వరకు నడపొచ్చు. ఇటలీలో లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అంటే ఐడీపీ, లేదా అధికారిక అనువాదం ఉండాలి. ఫ్రాన్స్‌లో లైసెన్స్ ఫ్రెంచ్‌లో లేకపోతే అనువాదమో ఐడీపీయో అడుగుతారు. చట్టం ఒప్పుకున్న చోట కూడా అద్దె కంపెనీ తన షరతుల్లో ఐడీపీ కావాలని రాసి ఉంటే, అది లేకుండా తాళం చెవి ఇవ్వదు. కాబట్టి ఏ దేశానికి వెళ్ళినా తీసుకునే వెళ్ళండి. ఐడీపీ ఒక్కటే చెల్లదు. ఒరిజినల్ లైసెన్స్ కార్డు చేతిలో ఉండాలి. ఫోన్‌లో డిజిలాకర్ చూపిస్తే కౌంటర్‌లో ఒప్పుకోరు.

ఐడీపీ ఎక్కడ తీసుకోవాలి? వీసా వచ్చాకే ఇస్తారా?

మీ లైసెన్స్ ఏ ఆర్టీఓ పరిధిలో ఉందో అక్కడే. ఫారం 4ఏ నింపి దరఖాస్తు చేయాలి. కేంద్ర నిబంధనల్లో ఫీజు 1000 రూపాయలు, సర్వీసు ఛార్జీలు అదనం. ఏడాది చెల్లుతుంది, ఈలోపు లైసెన్స్ గడువు ముగిస్తే దానితోపాటే ముగుస్తుంది. వీసా, మెడికల్ సర్టిఫికెట్ తప్పనిసరి అన్న షరతులను 2021లో తీసేశారు. అయినా పాస్‌పోర్ట్, టికెట్, వీసా ఉంటే వీసా కాపీ కూడా పట్టుకెళ్ళండి, రెండోసారి తిరగాల్సిన పని ఉండదు. ఆన్‌లైన్‌లో డాలర్లు తీసుకుని ‘ఇంటర్నేషనల్ లైసెన్స్’ అమ్మే సైట్ల జోలికి పోవద్దు. వాళ్ళిచ్చే బుక్‌లెట్ ప్రభుత్వం ఇచ్చింది కాదు.

లైసెన్స్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంది. ఇబ్బందా?

మన తెలుగువాళ్ళకే ప్రత్యేకంగా వచ్చే తంటా ఇది. లైసెన్స్ మీద ‘కె. వెంకట రమణ’, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు విడిగా, క్రెడిట్ కార్డు మీద సగం పేరు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి ఈ ముగ్గురూ ఒక్కరేనని ఎలా తెలుస్తుంది? చాలాసార్లు ఫొటో, పుట్టిన తేదీ చూసి వదిలేస్తారు గానీ ఆ నమ్మకంతో వెళ్ళొద్దు. ఐడీపీకి దరఖాస్తు చేసేముందే లైసెన్స్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు మార్పించుకుంటే, ఐడీపీ కూడా అదే పేరుతో వస్తుంది. బుకింగ్ కూడా పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరుతోనే చేయండి.

మేం అమెరికాలో ఉంటాం. అమెరికా లైసెన్స్ చాలదా?

కొన్ని దేశాల్లో చాలుతుంది, ఇటలీ, స్పెయిన్, ఆస్ట్రియా లాంటి చోట్ల ఐడీపీ కూడా కావాలి. దాన్ని అమెరికాలోనే ట్రిపుల్ ఏ, అంటే అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్, ఆఫీసులో ఇస్తారు. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలను నేరుగా యూరప్‌లో కలుసుకునేవాళ్ళు ఈ పని బయల్దేరే వారంలో గుర్తు తెచ్చుకుంటుంటారు. ముందే చేసేయండి.

## బుకింగ్ చేసేటప్పుడు

మాన్యువల్ సగం ధరకే వస్తోంది. ఆటోమేటిక్ తప్పదా?

ఇంట్లో మాన్యువలే నడుపుతున్నా సరే, మొదటిసారి కుడివైపు నడిపేవారికి ఆటోమేటిక్ తీసుకోమనే చెప్తాను. గేరు కుడిచేతికి వస్తుంది, అద్దం చూసే వైపు మారుతుంది, రోడ్డే తిరగబడినట్టు ఉంటుంది. ఇన్నిట్లో క్లచ్ టెన్షన్ ఒక్కటైనా తగ్గనివ్వండి. యూరప్‌లో ఆటోమేటిక్‌లు తక్కువ, సీజన్‌లో త్వరగా అయిపోతాయి. ‘ఆటోమేటిక్’ అని స్పష్టంగా రాసి ఉన్న దాన్నే బుక్ చేయాలి. ఏమీ రాసి లేదంటే మాన్యువల్ అనే అనుకోండి. బ్రిటన్, ఐర్లాండ్, మాల్టా, సైప్రస్‌లలో మాత్రం మనలాగే ఎడమవైపు నడుపుతారు.

ఐదుగురం, నాలుగు పెద్ద సూట్‌కేసులు. ఐదు సీట్ల కారు సరిపోతుందా?

మనుషులు సరిపోతారు, సూట్‌కేసులు సరిపోవు. కాంపాక్ట్ కారు డిక్కీలో పెద్దవి రెండు పడితే గొప్ప. ఫొటోలో చూపించిన మోడలే ఇస్తారన్న గ్యారంటీ కూడా లేదు, ‘లేదా అలాంటిదే’ అని కింద చిన్నగా రాసి ఉంటుంది. ఎస్టేట్ లేదా స్టేషన్ వ్యాగన్ రకం చూడండి. ఎస్‌యూవీ కంటే డిక్కీ పొడవుగా ఉంటుంది, ఇరుకు సందుల్లో నడపడమూ తేలిక. ఏడు సీట్లదైతే మూడో వరుస తెరిచాక డిక్కీ దాదాపు ఉండదని గుర్తుంచుకోండి.

డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు పనిచేయవా?

అద్దె కట్టడానికి పనిచేయవచ్చు, డిపాజిట్‌కి, అంటే కారు తిరిగి ఇచ్చేదాకా కార్డు మీద ఆపి ఉంచే మొత్తానికి, మాత్రం చాలా కంపెనీలు క్రెడిట్ కార్డే అడుగుతాయి. అదీ మెయిన్ డ్రైవర్ పేరు మీద ఉండాలి. భర్త కార్డు, భార్య డ్రైవింగ్ అంటే కుదరదు. కాబట్టి కార్డు ఎవరిదైతే వాళ్ళనే మెయిన్ డ్రైవర్‌గా పెట్టి, రెండోవారిని అడిషనల్ డ్రైవర్‌గా చేర్చండి. వీసా లేదా మాస్టర్‌కార్డ్ తీసుకెళ్ళండి, రూపే మీద ఆధారపడొద్దు. బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చేసి, లిమిట్ పెంచి, పిన్ నంబర్ గుర్తుపెట్టుకునే విమానం ఎక్కండి.

ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో ఇచ్చేయొచ్చా?

సరిహద్దు దాటడం మామూలే, వేరే దేశంలో వదిలేయడం మాత్రం ఖరీదు. మిలాన్‌లో తీసుకుని పారిస్‌లో ఇస్తే కారును వెనక్కి తెచ్చుకునే ఖర్చు మీ మీదే పడుతుంది, ఒక్కోసారి అది అద్దెను మించిపోతుంది. తీసుకున్న దేశంలోనే తిరిగి ఇచ్చేలా దారి గీసుకోండి. ఏయే దేశాలకు వెళ్తారో ముందే చెప్పాలి. ఖరీదైన జర్మన్ బ్రాండ్ల కార్లను తూర్పు యూరప్ దేశాలకు, కొన్నిసార్లు ఇటలీకీ తీసుకెళ్ళనివ్వరు. చెప్పకుండా వెళ్తే ఇన్సూరెన్స్ వర్తించదు.

జెనీవా ఎయిర్‌పోర్ట్‌లో ఒకే కంపెనీకి రెండు ధరలు కనిపిస్తున్నాయేంటి?

ఆ ఎయిర్‌పోర్ట్‌కి స్విస్ వైపు, ఫ్రెంచ్ వైపు వేర్వేరు కౌంటర్లు ఉన్నాయి. బాసెల్‌లోనూ అంతే. ఫ్రెంచ్ వైపు ధర తక్కువగా కనిపిస్తుంది గానీ ఆ కారుకి స్విస్ హైవే స్టిక్కర్ ఉండకపోవచ్చు, చలికాలంలో వింటర్ టైర్లకు అదనంగా కట్టాల్సి రావచ్చు. స్విట్జర్లాండ్‌లోనే తిరిగేట్టయితే స్విస్ వైపే తీసుకోండి. ఒక వైపు తీసుకుని ఇంకో వైపు ఇస్తే అది వేరే దేశంలో వదిలేసినట్టే లెక్క.

## కౌంటర్ దగ్గర

ఇన్సూరెన్స్ ఉందని బుకింగ్‌లో రాశారు. మళ్ళీ కౌంటర్‌లో ఎందుకు అమ్ముతున్నారు?

ఎక్కువమందికి డబ్బు పోయేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. బుకింగ్‌లో ఉండేవి సాధారణంగా రెండు. ఎదుటివాళ్ళకు జరిగిన నష్టానికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అది చట్టప్రకారం ఉండి తీరాలి. రెండోది మీ కారు దెబ్బతింటే వర్తించే సీడీడబ్ల్యూ. ఈ రెండోదానిలో ‘ఎక్సెస్’ అని ఒక మొత్తం ఉంటుంది. నష్టం అంతవరకు మీరే భరించాలి, ఆపైది కంపెనీ చూసుకుంటుంది. వెయ్యి నుంచి రెండు వేల యూరోల దాకా ఎక్సెస్ ఉండటం మామూలే. తలుపు మీద చిన్న గీత పడ్డా ఆ లెక్కలోంచే పట్టుకుంటారు. టైర్లు, అద్దాలు, కారు పైకప్పు, అడుగుభాగం చాలాసార్లు సీడీడబ్ల్యూలోకి రావు.

కౌంటర్‌లో అమ్మేది ఈ ఎక్సెస్‌ను సున్నా చేసే కవర్. రోజువారీ లెక్కన ఖరీదే, కానీ తీసుకుంటే డిపాజిట్ తగ్గుతుంది, తిరిగి ఇచ్చేటప్పుడు వాదన ఉండదు. బుకింగ్ సైట్లు అమ్మే ‘ఫుల్ ప్రొటెక్షన్’ చవక, అయితే అది వేరే సంస్థ కవర్. అద్దె కంపెనీ ముందు మీ కార్డు నుంచి డబ్బు తీసుకుంటుంది, మీరు బిల్లులు పంపి తర్వాత తిరిగి రాబట్టుకోవాలి. డిపాజిట్ కూడా పూర్తిగా ఆపుతారు. కుడివైపు డ్రైవింగ్ కొత్త, దారిలో ఇరుకు ఊళ్ళున్నాయి అంటే, అద్దె కంపెనీ సొంత జీరో ఎక్సెస్‌ను బుకింగ్ సమయంలోనే తీసుకోవడం నా ఓటు. కౌంటర్ ధర కంటే అప్పుడు తక్కువకే రావచ్చు.

షెంగెన్ వీసా కోసం తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్ కారుకి వర్తించదా?

వర్తించదు. వీసాకి అడిగే 30,000 యూరోల కవర్ మీ వైద్యానికి, అత్యవసర చికిత్సకి, మిమ్మల్ని స్వదేశానికి చేర్చడానికి. కారు మీద గీత పడితే దానికీ దీనికీ సంబంధం లేదు.

‘రూపాయల్లో కట్టమంటారా, యూరోల్లోనా’ అని మెషీన్ అడిగితే?

యూరోలు. రూపాయలు నొక్కితే మారకం రేటు వాళ్ళు పెట్టుకుంటారు, అది ఎప్పుడూ మీకు నష్టమే.

కారు తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఫోన్‌లో ఒక వీడియో. చుట్టూ నాలుగు వైపులా, చక్రాల రిమ్‌లు, ముందు అద్దం, పైకప్పు, ఫ్యూయల్ మీటర్, కిలోమీటర్లు. రిమ్ మీద గీతలు అందరూ వదిలేస్తారు, ఫుట్‌పాత్ అంచు తగిలి ఎక్కువగా పడేవి అవే. కాగితంలో రాయని గీత కనిపిస్తే మనిషిని పిలిచి రాయించి, సంతకం తీసుకున్నాకే కదలండి. పసుపు జాకెట్, కారు ఆగిపోతే వెనక రోడ్డు మీద పెట్టే హెచ్చరిక ట్రయాంగిల్ ఎక్కడున్నాయో చూడండి. జాకెట్ డిక్కీలో కాదు, చేతికందేలా ముందు ఉండాలి. హైవే మీద కారు ఆగితే దిగేముందే వేసుకోవాలి. స్పెయిన్ రిజిస్ట్రేషన్ కార్లకు 2026 జనవరి 1 నుంచి ట్రయాంగిల్ బదులు కారు మీద పెట్టే వీ16 లైటు తప్పనిసరి.

## రోడ్డు మీద

కుడివైపు నడపడం అలవాటు అవుతుందా? భయంగా ఉంది.

ఒక రోజులో అవుతుంది. మీరు మధ్యగీత పక్కన, ప్యాసింజర్ ఫుట్‌పాత్ పక్కన అని గుర్తుంటే చాలు. ట్రాఫిక్‌లో తప్పు జరగదు, ముందు కారు వెనక వెళ్తారు. జరిగేది ఖాళీ రోడ్డు మీద, తెల్లవారుజామున, పెట్రోల్ బంకులోంచి బయటికి వస్తూ పాత అలవాటున ఎడమకి తిరిగినప్పుడు. ఆ ఒక్క క్షణం పక్కవాళ్ళు ‘కుడి, కుడి’ అనాలి. మారుతి, హ్యుందాయ్ నడిపేవాళ్ళు మొదటి రోజంతా ఇండికేటర్ వేయబోయి వైపర్ వేస్తారు. యూరప్ కార్లలో ఇండికేటర్ ఎడమచేతి వైపు ఉంటుంది.

మనం మర్చిపోవాల్సిన డ్రైవింగ్ అలవాట్లేంటి?

హారన్. ప్రమాదం తప్పించడానికి తప్ప కొట్టరు. హైవే మీద ఎడమ లేన్ ఓవర్‌టేక్ చేయడానికే, పని కాగానే కుడికి వచ్చేయాలి. కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేయకూడదు. జీబ్రా దగ్గర మనిషి అడుగు పెడితే ఆగాలి. ఎదుటివాడు లైటు ఫ్లాష్ చేస్తే మన దగ్గర ‘నేనొస్తున్నా, ఆగు’ అని అర్థం, అక్కడ చాలాసార్లు ‘నువ్వెళ్ళు’ అని. బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవారికి దారివ్వాలి. పసుపు డైమండ్ బోర్డు ఉంటే దారి మీదే. రౌండ్‌అబౌట్‌లో లోపల తిరిగేవారిది ముందు హక్కు, పారిస్‌లో ఆర్క్ ద త్రియోంఫ్ చుట్టూ మాత్రం లోపలికి వచ్చేవారిదే. అక్కడికి కారుతో వెళ్ళకపోతే ఆ లెక్కే అక్కర్లేదు.

ఎంత స్పీడు వరకు వెళ్ళొచ్చు?

హైవే మీద ఇటలీ, ఫ్రాన్స్‌లో 130 కిలోమీటర్లు, వానొస్తే 110. స్విట్జర్లాండ్, స్పెయిన్‌లో 120. బ్రిటన్ మోటార్‌వేలో గంటకు 70 మైళ్ళు. జర్మనీ ఆటోబాన్‌లో కొన్ని భాగాలకు పరిమితి లేదు, 130 మంచిదని సలహా మాత్రమే. అయినా ఆ లేన్‌లో మీ ముచ్చట తీర్చుకోకండి. వెనక వచ్చేవాడు 200లో ఉంటాడు. కెమెరా దగ్గర బ్రేక్ వేసి తర్వాత తొక్కేస్తే కుదరదు. ఇటలీ, ఆస్ట్రియాల్లో రెండు చోట్ల మధ్య సగటు వేగం లెక్కగట్టే కెమెరాలున్నాయి. కెమెరా ఉందని ముందే చెప్పే యాప్‌లు జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో వాడటం చట్టవిరుద్ధం.

పాపకి నాలుగేళ్ళు. ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చా?

కుదరదు. చైల్డ్ సీట్ తప్పనిసరి. ఇటలీలో 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేవరకు, జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో 12 ఏళ్ళు లేదా 150 సెంటీమీటర్లు, ఏది ముందైతే అది. బుకింగ్‌లోనే అడగండి, కౌంటర్‌లో అడిగితే అయిపోయాయంటారు.

ఇటలీలో జడ్‌టీఎల్ అంటే ఏంటి? అందరూ భయపెడుతున్నారు.

భయపెట్టాల్సిందే. జోనా త్రాఫికో లిమితాతా, అంటే అనుమతి ఉన్న బండ్లే వెళ్ళాల్సిన పాతఊరి ప్రాంతం. ఫ్లోరెన్స్, రోమ్, పీసా, సియెనా ఇలా ఎన్నో ఊళ్ళలో ఉంటుంది. గేటు ఉండదు, పోలీసు ఉండడు, ఒక ఎర్ర వృత్తం బోర్డు, పైన కెమెరా. ఎలక్ట్రానిక్ బోర్డు మీద ‘వార్కో అత్తీవో’ అని ఉంటే నిషేధం అమల్లో ఉన్నట్టు. ‘అత్తీవో’ అంటే తెరిచి ఉందనుకుని దూరిపోయేవాళ్ళు బోలెడు. ఎన్నిసార్లు కెమెరా కింద దూరితే అన్ని ఫైన్లు. మ్యాప్ యాప్ ఈ హద్దులను ప్రతిసారీ పట్టించుకోదు, మిమ్మల్ని నేరుగా లోపలికే తీసుకెళ్ళగలదు. హోటల్ ఆ ప్రాంతంలో ఉంటే వెళ్ళకముందే ఫోన్ చేసి మీ కారు నంబర్ నమోదు చేయించమని అడగండి. అంతకంటే నయం, ఊరి బయట పార్కింగ్‌లో పెట్టి నడవడం.

## టోల్, పార్కింగ్, ఇంధనం

టోల్ ఎలా కట్టాలి? ఫాస్టాగ్ లాంటిది ఉందా?

యూరప్ మొత్తానికి ఒకే పద్ధతి లేదు. జర్మనీలో కార్లకు హైవే టోల్ లేదు. ఇటలీలో ఎక్కేచోట టికెట్ తీసుకుని దిగేచోట కడతారు. పసుపు రంగు టెలెపాస్ లేన్‌లోకి మాత్రం వెళ్ళొద్దు, అది ట్యాగ్ ఉన్నవాళ్ళది. స్విట్జర్లాండ్‌లో 40 ఫ్రాంకుల వార్షిక విన్యెట్, అంటే హైవే స్టిక్కర్, ఒక్కటే ఉంది, ఒక్క రోజు నడిపినా అదే కొనాలి. స్విస్ అద్దె కారుకి అది ముందే ఉంటుంది. ఆస్ట్రియాలో ఒక రోజు, పది రోజులవి కూడా దొరుకుతాయి, అయితే బ్రెన్నర్ హైవేకి, గ్రోస్‌గ్లాక్నర్ కొండ రోడ్డుకి విడిగా కట్టాలి. ఫ్రాన్స్‌లో ఎక్కువ చోట్ల గేట్లే, పారిస్ నుంచి నార్మండీ వెళ్ళే ఏ13 మీద మాత్రం గేట్లు తీసేశారు. కెమెరా నంబర్ తీసుకుంటుంది, 72 గంటల్లోగా ఆన్‌లైన్‌లో మీరే కట్టాలి. గేటు కనబడలేదు కాబట్టి ఉచితం అనుకోకండి.

పార్కింగ్ గీతల రంగులకు అర్థమేంటి?

ఇటలీలో తెలుపు ఉచితం, నీలం డబ్బులు, పసుపు ప్రత్యేకించినవి. అదే లెక్క స్విట్జర్లాండ్‌కి పట్టుకెళ్తే దెబ్బతింటారు. అక్కడ తెలుపు సాధారణంగా డబ్బు కట్టాల్సినది, నీలం గీతల్లో పార్కింగ్ డిస్క్ (అట్ట గడియారం లాంటిది) మీద వచ్చిన సమయం తిప్పి అద్దం దగ్గర పెట్టాలి. కారులో సామాను కనబడేలా వదలకండి, పాస్‌పోర్ట్‌లు అసలే వద్దు.

పెట్రోల్, డీజిల్ పేర్లు తికమకగా ఉన్నాయి. ఎలా గుర్తుపట్టాలి?

పేరు చూడకండి, గుర్తు చూడండి. పెట్రోల్‌కి వృత్తంలో ఈ5 లేదా ఈ10, డీజిల్‌కి చతురస్రంలో బీ7 అని పంపు మీద, కారు మూత లోపల ఉంటుంది. ఎందుకంటే స్పెయిన్‌లో ‘గసోలినా’ పెట్రోల్, ‘గసోలియో’ డీజిల్. ఇటలీలోనూ ‘గసోలియో’ డీజిలే. తప్పు నింపితే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కంపెనీకి ఫోన్ చేయండి, ఈ నష్టానికి ఇన్సూరెన్స్ ఉండదు. ఇటలీలో ‘సెర్వితో’ అని ఉన్న పంపు దగ్గర మనిషి పోస్తాడు, ధర ఎక్కువ. కార్డుతో పనిచేసే ఆటోమేటిక్ పంపు వంద యూరోలో అంతకంటే ఎక్కువో తాత్కాలికంగా ఆపి, తర్వాత అసలు బిల్లు మాత్రమే తీసుకుంటుంది.

ఐస్‌లాండ్‌కి కూడా ఇవే జాగ్రత్తలా?

కొన్ని అదనం. ‘ఎఫ్’ అక్షరంతో మొదలయ్యే కొండ రోడ్ల మీదకి ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండా వెళ్ళకూడదు. నది దాటుతూ ఇంజిన్‌లోకి నీళ్ళు వెళ్తే ఏ కవరూ ఆదుకోదు. గులకరాళ్ళకు, ఇసుకకు, బూడిదకు విడి ఇన్సూరెన్స్‌లు అమ్ముతారు, గులకరాళ్ళది మాత్రం తీసుకోండి. గాలికి తలుపు విరిగిపోవడం అక్కడ కథ కాదు. దిగేటప్పుడు తలుపును రెండు చేతులతో పట్టుకోండి.

## ఏదైనా జరిగితే, తిరిగి ఇచ్చాక

యాక్సిడెంట్ అయితే ఏం చేయాలి?

దెబ్బలు తగిలితే 112. తర్వాత కంపెనీ హెల్ప్‌లైన్. గ్లవ్ బాక్స్‌లో యూరోపియన్ యాక్సిడెంట్ స్టేట్‌మెంట్ అనే ఫారం ఉంటుంది, ఇద్దరు డ్రైవర్లూ నింపి సంతకం చేసి చెరో కాపీ తీసుకుంటారు. ఏ భాషలో ఉన్నా గడుల వరుస ఒకటే, కాబట్టి ఫోన్‌లో ఇంగ్లిష్ ఫారం పక్కన పెట్టుకుని నింపొచ్చు. అర్థం కానిదాని కింద సంతకం పెట్టకండి. చిన్న ప్రమాదమైనా పోలీసు రిపోర్ట్ కావాలని కంపెనీ షరతుల్లో ఉందేమో చూసుకోండి.

కారు ఒక గంట ఆలస్యంగా ఇస్తే?

అద్దె 24 గంటల లెక్క. కొద్ది నిమిషాలు ఓర్చుకుంటారు, ఆ తర్వాత మొత్తం రోజు అద్దె పడుతుంది. చాలా రైల్వే స్టేషన్ బ్రాంచ్‌లు ఆదివారం మూసేస్తాయి, ఇటలీ, స్పెయిన్ చిన్న ఊళ్ళలో మధ్యాహ్నం కూడా తలుపులేస్తారు. ఆఫీసు మూసి ఉన్నప్పుడు తాళం బాక్స్‌లో వేస్తే, ఉదయం వాళ్ళు చూసేవరకు బాధ్యత మీదే కావచ్చు. పార్క్ చేసిన చోటే ఇంకో వీడియో తీసుకోండి, దగ్గరి బంకులో ట్యాంక్ నింపిన రసీదు కూడా దాచండి.

డిపాజిట్ ఇంకా వెనక్కి రాలేదు. మోసపోయానా?

బహుశా కాదు. వాళ్ళు వదిలేసినా మన బ్యాంక్‌లో కనబడటానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ‘ఆపిన’ మొత్తమా, నిజంగా ‘తీసుకున్న’ మొత్తమా అని ముందు స్టేట్‌మెంట్‌లో చూడండి. తీసుకుని ఉంటే కారణం, ఫొటోలు, రిపేరు బిల్లు రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే మీ వీడియోలు జతచేసి కార్డు బ్యాంక్‌లో డిస్ప్యూట్ వేయండి.

ఇంటికొచ్చిన ఆరు నెలలకు కార్డులోంచి 45 యూరోలు కట్ అయ్యాయి. ఇదే ఫైనా?

చాలాసార్లు కాదు. పోలీసులు అడిగినప్పుడు మీ చిరునామా ఇచ్చినందుకు అద్దె కంపెనీ తీసుకున్న సర్వీసు ఛార్జీ అది. అసలు ఫైన్ విడిగా వస్తుంది. ఇటలీలో విదేశీయులకు ఫైన్ నోటీసు పంపడానికి 360 రోజుల గడువుంది. చాలా ఫైన్లకు నోటీసు అందిన ఐదు రోజుల్లో కడితే 30 శాతం తగ్గుతుంది, కాబట్టి ఇటలీ నుంచి వచ్చిన కవరును టేబుల్ మీద పెట్టి మర్చిపోకండి. నోటీసులో తేదీ, సమయం, కారు నంబర్ మీవేనా అని మీ రెంటల్ కాగితాలతో పోల్చి చూశాక, నోటీసులో ఇచ్చిన అధికారిక పద్ధతిలోనే కట్టండి. ఆ కాగితాలను ట్రిప్ అయ్యాక ఏడాదికి పైగా దాచి ఉంచమనేది ఇందుకే.